ఆ ఇంటికి ఒక కార్డు

మొన్న డిసెంబరు మొదటి వారంలో నంద్యాల గాంధీచౌకు దగ్గర, పెళ్ళిపత్రికలు అచ్చేసే అంగడి ముందు నుంచి పోతుంటే అంగడాయన నన్ను గుర్తుపట్టి కేకేసినాడు.

"మేడమ్, మీ పక్కింటామె ఈ యేడు రాలేదే? కాగితం తునకలన్నీ సంచిలో ఏసి పెట్టినా. ఎలకలు కొడతాండాయి."

ఆగస్టులో గుండెపోటుతో పోయిందని చెప్పినాను. ఆయన చేతిలోని పత్రికల కట్ట బల్ల మీద పెట్టేసి, "పాపం" అన్నాడు గానీ ఆ మాట ఆయనకే నప్పినట్టు లేదు.

"ఒకసారి బంగారురంగు కాగితం తడిపినానని కత్తెర నా మీదికి ఇసిరింది మేడమ్. ఇదో, ఈ సెవి పక్కనుంచి పోయింది. రెండోరోజు మళ్ళా వచ్చి, ఏం జరగనట్టు తునకలేరుకోని పోయింది. అంత కోపం యాడ పెట్టుకోనుండేదో ఆ మనిషి."

యాడ పెట్టుకోనుండేదో నాకు తెలుసు. అంగడి ముందు నిలబడి చెప్పే సంగతి కాదని వచ్చేసినాను.

నూనెపల్లెలో తొమ్మిదేండ్లు ఆమెకూ నాకూ మధ్య ఒకటే గోడ. నేను బడిలో తెలుగు చెప్తాను. ఆమె జాకెట్లు కుట్టేది. అరవైకి దగ్గర పడిన మనిషి. ఎముకలు పెద్దవి, అరచేతులు వెడల్పు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడేది. చర్చికి పోయేటప్పుడు కూడా దాన్ని తీయడం మరిచిపోయేది. నేను అక్కా అనేదాన్ని. నాకు నలభై దాటినా ఆమె నన్ను పాపా అనే పిలిచింది.

నవంబరు రాగానే కుట్టుమిషను గోడకు జరిగేది. నేలంతా కాగితాలు. పెళ్ళిపత్రికల అంచులు, మిఠాయి డబ్బాల లోపలి జరీకాగితం, చీరల డబ్బాల మీది పూలకాగితం, బహుమతులకు చుట్టే గళ్ళకాగితం, పాత కేలండర్లలోని ఆకాశం. వీధిలో ఎవరింట్లో శుభకార్యం జరిగినా ఆమె భోజనానికి పోయేది కాదు. అందరూ తిని లేచినాక పోయి, చింపి పారేసిన కాగితాలు ఏరుకొచ్చేది. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, నీలం రంగు బంక కాచేది. సగం బ్లేడుకు ఒక పక్క గుడ్డపేలిక చుట్టి, దాంతోనే అంతా కోసేది.

ఆమె చేసే క్రిస్మస్ కార్డులో ఏడు పొరలుండేవి. అడుగున కేలండరు ఆకాశం, అందులో జరీకాగితం నక్షత్రం. దాని మీద పూలకాగితంతో దూరపు కొండ, దాని ముందు గళ్ళకాగితంతో దగ్గరి కొండ, తర్వాత గొర్రెలు, గొర్రెల కాపరులు, పాక, తల్లీబిడ్డా. పొరకూ పొరకూ మధ్య పాత హవాయి చెప్పు నుంచి కోసిన సన్నటి రబ్బరు ముక్కలు పెట్టేది. పక్కనుంచి చూస్తే ఒక ఊరు లేచి నిలబడినట్టుండేది.

"అతికించినట్టు కాదు పాపా, నిలబడినట్టుండాల" అనేది.

ఒక్క మనిషికీ మొగం గీసేది కాదు. తల్లికైనా, గొర్రెల కాపరికైనా నున్నటి గుండ్రటి కాగితమే. ఎందుకక్కా అని అడిగితే, "గీస్తే నాకు తెలిసిన మొగమే వస్తాది" అనింది.

ఆమె పని చేస్తుంటే పక్కన కూచోవడానికి నాకు భయమేసేది. కొండ అంచు తిప్పేటప్పుడు పండ్లు కొరికేది. బ్లేడు కాగితాన్ని దాటి గచ్చు నేలను గీరేది. వేలు తెగితే కొంగుతో ఒత్తి, మళ్ళా అదే ఊపున కోసేది. ఆమెకు కాగితం మీద ప్రేమ ఉన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. పగ ఉన్నట్టే అనిపించేది.

ఆ కోపం మాటలతో ఆగేది కాదు. మా ఎదురింట్లో ఆటో నడిపే మనిషి ఉండేవాడు. ఒక సాయంత్రం తాగొచ్చి, పెండ్లాన్ని జుట్టు పట్టుకొని గేటుకేసి కొడతా ఉన్నాడు. మేమంతా తలుపు సందుల్లోంచి చూస్తా ఉన్నాం. ఆమె గుడ్డలు కోసే పెద్ద కత్తెర పట్టుకొని పోయింది. వాని తొడలో దింపింది. వాడు కూలబడి అరుస్తా ఉంటే, కత్తెర లాగి, వాని లుంగీకే తుడుచుకొని వచ్చేసింది. పోలీసు వచ్చినాడు. పెద్దమనిషి, ఆమెను తప్పించాలనే చూసినాడు.

"పెనుగులాటలో తగిలిందా, నువ్వు పొడిచినావా?" అని అడిగినాడు.

"పొడిచినా. రాసుకో."

ఆటో మనిషే భయపడి కేసొద్దన్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లోంచి మాకు ఏడుపు వినపడలేదు.

ఏటా ఆమె చేసే కార్డుల్లో ఒకటి మాత్రం వేరేగా ఉండేది. పైన అదే నక్షత్రం, అవే కొండలు, అవే గొర్రెలు. తెరిస్తే లోపల ఒక వీధి. వీధంతా ఎరుపు. ఇళ్ళు, గడపలు, నేల అన్నీ పెళ్ళిపత్రికల ఎర్రకాగితమే. ఆ వీధిలో భటులు, వాళ్ళ చేతుల్లో జరీకాగితంతో కోసిన కత్తులు, వాళ్ళ కాళ్ళ దగ్గర పొత్తిగుడ్డల్లో బిడ్డలు. తల్లులు ఒక్కో పొరలో ఒక్కో తీరుగా వంగి ఉండేవాళ్ళు. క్రీస్తు పుట్టినాడని విని భయపడిన రాజు, ఆ ఊళ్ళోని పసిబిడ్డలందరినీ నరికించిన కథ అది.

"పండగ కార్డులో ఇదేందక్కా?" అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

"ఇదీ పండగలో ఉండేదే. మీరెవరూ తలుచుకోరు" అనింది.

ఆ కార్డు ఆళ్లగడ్డ దాటినాక ఉయ్యాలవాడ దారిలో ఉండే ఒక ఊరికి పోయేది. అది ఆమె మొగుడి సొంతూరు. ఆమె మొగుణ్ణి నరికిన మనిషి ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ప్రతి డిసెంబరులోనూ బస్సెక్కి పోయి, ఆ కార్డు ఆ మనిషి చేతికే ఇచ్చి వచ్చేది.

చర్చిలో అందరికీ ఈ సంగతి తెలుసు, లోపలి బొమ్మ సంగతి తప్ప. ఒక ఆదివారం నన్నూ తోడు రమ్మంటే పోయినాను. అయ్యగారు ప్రసంగంలో క్షమాపణ గురించి చెప్తూ, ఆమె వైపు చెయ్యి చూపించినాడు. మొగుణ్ణి చంపినవాని ఇంటికి ఏటా శుభాకాంక్షలు తీసుకుపోతున్న ఈ తల్లి కంటే మనకు ఇంకేం సాక్ష్యం కావాలి అన్నాడు. ఆమె లేచి నిలబడింది.

"అయ్యగారూ, నేను వాన్ని క్షమించలేదు. దేవుని ఇంట్లో అబద్ధం చెప్పద్దు" అని, కూచునింది.

అయ్యగారు పాట ఎత్తుకోమన్నాడు.

ముందటేడు డిసెంబరులో ఆమె మోకాలు వాచి బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. "తోడు రా పాపా, దినంలో వచ్చేద్దాం" అంటే, బడికి సెలవు పెట్టి పోయినాను. శిరివెళ్ళ దాటేదాకా ఆమె కార్డు ఒడిలో పెట్టుకొని, దాని మీద రెండు చేతులూ ఆనించి కూచునింది.

ఆళ్లగడ్డలో దిగి ఆటోల దగ్గరికి పోతా ఉంటే, సెల్‌ఫోన్ల అంగడి ముందు ఆగింది.

"ఈడ" అనింది.

అప్పట్లో అది టీ అంగడంట. ఆమె మొగుడు ఊళ్ళో ఒక నాయకునికి జీపు తోలేవాడు. సంతరోజు నాయకుణ్ణి దించి టీ తాగుతా ఉన్నాడు. ఆమె రోడ్డుకు అవతల దారపుండలు బేరం చేస్తా ఉంది. ఎదుటి పార్టీవాళ్ళు ఎనిమిదిమంది వచ్చినారు. వాళ్ళు వచ్చింది నాయకుని కోసం. నాయకుడు వెనక సందులో దూరిపోయినాడు. దొరికింది జీపు తోలేవాడు.

"మొదట బాంబేసినారు. పొగ. నేను ఉరికినా. ఎవడో నా జడ పట్టుకోని ఎనక్కి లాగినాడు. పొగలో ఒక మొగం కనపడె. మా ఊరి మొగమే. చిన్నప్పటి నుంచి మా ఆయప్పతో కలిసి తిరిగినోడు. మా ఇంట్లో తిన్నోడు. నన్ను వదినా అని పిలిచినోడు. మొదటి ఏటు వానిదే పాపా."

అంగట్లో ఎవరో ఫోన్లో పాట పెట్టి వింటా ఉన్నారు.

"పొగ పోయినాక పోయి సూస్తే చెయ్యి ఒకపక్క పడుండాది. దానికి గడియారం అట్లనే తిరుగుతాండాది. ఆ చెయ్యి కొంగులో కట్టుకోని కూసున్యా. ఎవరడిగినా ఇయ్యలేదు."

తర్వాత రెండు పార్టీల నాయకులూ రాజీ పడినారు. సాక్షులందరూ పొగలో ఏమీ కనపడలేదన్నారు. ఆమె గడ్డివామి కాల్చినారు, ఇంటి మీద రాళ్ళేసినారు. అయినా కోర్టులో నిలబడి ఆ మనిషి పేరు చెప్పింది. ఒక్కతే చెప్పింది. కేసు కొట్టేసినారు. ఎనిమిదిమందీ మెడలో పూలదండలతో బయటికొస్తా ఉంటే, ఆమె కోర్టు గేటు దగ్గర నిలబడి చూసిందంట. ఆ సంవత్సరమే నంద్యాలకు వచ్చేసింది. ఆ డిసెంబరులోనే మొదటి ఎర్రకార్డు చేసింది.

"నేను బతికే ఉండానని వానికి ఏటా ఒకసారి తెలియాల. అంతే" అనింది ఆటో ఎక్కుతా.

శనగచేన్ల మధ్య ఊరు. ఆ ఇల్లు పాత మిద్దె. వాకిట్లో ఆ మనిషి ఒక్కడే, మొద్దు మీద పెట్టి ఎనుములకు జొన్నచొప్ప నరుకుతా ఉన్నాడు. ఆమె వయసే. బక్కచిక్కిన ఒళ్ళు, తెల్లటి మీసం. మమ్మల్ని చూసి కొడవలి మొద్దుకు గుచ్చి, లేచి, చేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. ఆమె కార్డు చాపింది. రెండు చేతులతో తీసుకున్నాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఎన్నో ఏండ్లుగా ఇట్లే జరుగుతూ ఉన్నట్టు తెలిసిపోతా ఉంది. ఆమె వెనక్కి తిరిగింది.

అప్పుడు ఇంట్లోంచి కొడుకు వచ్చినాడు. ముప్పై ఏండ్లుంటాయి. మధ్యాహ్నానికే సారా వాసన. తండ్రి చేతిలోని కార్డు లాక్కొని తెరిచినాడు.

"ఇదే, ఇదే! నరికిన బిడ్డల బొమ్మ! ఏయ్ ముసల్దానా, ఏం మంత్రం పెట్టి తెస్తాండావ్? రెండు కాన్పులు పోయినాయి మాకు. మొన్న అయిదు దినాల బిడ్డను పూడ్చి వస్తిమి. నువ్వు ఇది ఇచ్చిపోయినప్పుడల్లా మా ఇంట్లో బిడ్డ పోతాంది!"

కార్డు చించినాడు. పొరలన్నీ విడిపోయి, ఎర్ర తునకలు వాకిలంతా పడినాయి. ఆమె ఏదో అనబోయింది. వాడు కడుపులో తన్నినాడు. ఆమె పడిపోయింది. జుట్టు పట్టుకొని ఈడ్చి, గడపరాయికి తల కొట్టినాడు. ఒకసారి, రెండుసార్లు. నేను అడ్డం పోతే మోచేత్తో నా మొగం మీద కొట్టినాడు. నా కండ్లద్దాలు పగిలిపోయినాయి. వాచిన మోకాలు మీద వాడు కాలేసి తొక్కుతుంటే, ఆమె గొంతులోంచి వచ్చిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"ఇడువురా" అన్నాడు తండ్రి, ఒక్కసారే. వాడు వినలేదు. ఆ మనిషి మొద్దుకు గుచ్చిన కొడవలి పీకినాడు.

ఆ చెయ్యి పైకి లేచిన తీరు చూస్తేనే, అది అట్లా లేవడం మొదటిసారి కాదని తెలిసిపోయింది. తొందర లేదు, వణుకు లేదు. కొడుకు వీపు అతనికి ఎదురుగా ఉంది. మెడ దగ్గరే దిగేది.

నేలమీద నుంచి ఆమె చూసింది. ఎట్లా లేచిందో నాకు తెలీదు. వాణ్ణి పక్కకు తోసి, దిగుతున్న కొడవలిని కుడిచేత్తో పట్టుకునింది. దాని పదును అరచేతిలోకి దిగింది. అట్లే పట్టుకొని, ఎడమచేత్తో ఆ మనిషి చెంప పగలగొట్టింది.

"ఇంకొకన్నా? నా కండ్ల ముందర ఇంకొకన్నా?"

ఆ మనిషి కొడవలి వదిలేసినాడు. కొడుకు గోడకానుకొని కూలబడిపోయినాడు. అప్పుడు కోడలు బయటికొచ్చింది. పచ్చి బాలింత, ఎదకు బిగించి గుడ్డ కట్టుకోనుంది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె చెయ్యి కడిగి, తన చీర కొంగు చించి చుట్టింది. రెండు వేళ్ళు వేలాడతా ఉన్నాయి.

"ఎన్ని దినాలుండె బిడ్డ?" అని అడిగింది అక్క.

"అయిదు."

"ఏం బిడ్డ?"

"మగబిడ్డ."

అక్క వాకిట్లో పడిన ఎర్ర తునకల వైపు చూసింది. "ఆ బొమ్మ నీ బిడ్డకు తెచ్చింది కాదు తల్లీ. వానికి" అని ఆ మనిషి వైపు చూపించింది.

ఆ పిల్ల కట్టు ముడివేస్తా, తల ఎత్తకుండా అనింది. "అందరం ఉండేది ఒకటే ఇల్లు గదత్తా."

నంద్యాల ఆసుపత్రిలో కుట్లు వేస్తా ఉంటే పోలీసొచ్చి ఎట్లా తెగిందని అడిగినాడు.

"అట్ట కోస్తాంటే తెగింది."

"అట్ట కోస్తే ఎముక కనపడేంత తెగుతాదామ్మా?"

"నా చెయ్యి. నాకు తెలీదా?"

పోలీసు నా వైపు చూసినాడు. నా మొగం కూడా వాచిపోయి ఉంది. నేను నేల చూసినాను. కోర్టులో ఊరంతా అబద్ధం చెప్తుంటే ఒక్కతే నిజం చెప్పిన మనిషి ఎందుకిట్లా అన్నదో అడగలేకపోయినాను. రెండు రోజులకు ఆమె తనంతట తానే చెప్పింది. "వాళ్ళిద్దరినీ పట్టుకపోతే ఆ పచ్చి బాలింత ఒక్కతే ఎనుములకు మేతేసుకోవాల."

ఆ రెండు వేళ్ళు మళ్ళా మడత పడలేదు. పోయినేడు నవంబరులో బ్లేడు పట్టుకోలేకపోయింది. నేను కోస్తానని కూచుంటే, నా మొదటి కొండ చూసి, "ఇది కొండా, పెరుగన్నమా?" అనింది. అయినా పక్కన కూచొని పన్నెండు కార్డులు చేయించింది. అన్నీ గొర్రెలూ కొండలే. ఎర్రకార్డు వద్దనింది. డిసెంబరులో బస్సెక్కనూ లేదు.

పండగకు నాలుగు రోజుల ముందు, పొద్దున తొమ్మిదింటికి ఆ మనిషే వచ్చినాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకొని అక్క గేటు బయట నిలబడినాడు. బడికి బయల్దేరిన నేను మా వాకిట్లోనే ఆగిపోయినాను.

"ఈ యేడు రాలేదే వదినా" అన్నాడు.

ఆమె గడపలోంచి కదలలేదు. "ఆ పిల్ల ఎట్లుండాది?"

"పుట్టింటికి పోయింది. బనగానపల్లె. మాయింటికి ఇంక రానంటాది."

"మంచి పని చేసింది."

ఆయన పోలేదు. గేటు ఊచలు పట్టుకొని అట్లే నిలబడినాడు. ఆమె మెల్లగా మెట్లు దిగి గేటు దగ్గరికి పోయింది.

"ఒకటడుగుతా. ఆ దినం నేను రోడ్డుకు అవతల ఉంటి. ఏం ఇనపడలేదు. మా ఆయప్ప ఆఖర్న ఏమన్నాడు?"

ఆయన కండ్లు కారుతా ఉన్నాయి. తుడుచుకోలేదు.

"నన్ను సూసి నగినాడు వదినా. నేను అడ్డం పడేకి వచ్చినా అనుకున్యాడు. 'వచ్చినావా, బేగా రా' అన్నాడు."

ఆమె గేటు తీసింది. ఎడమకాలి చెప్పు తీసి మొగం మీద కొట్టింది. మళ్ళా కొట్టింది. చెప్పు తెగిపోతే ఎడమచేత్తో కొట్టింది. పిడికిలితో, మోచేత్తో, వంగని వేళ్ళ కుడిచేత్తో కూడా కొట్టింది. ఆయన పెదవి పగిలింది, ముక్కులోంచి రక్తం కారి తెల్లచొక్కా ఎర్రబడింది. చేతులు పైకెత్తలేదు. ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. వీధంతా గడపల్లో నిలబడి చూస్తా ఉంది. నేను ఆపలేదు. ఆపాలనిపించలేదు. ఆ మాట చెప్పడం ఇష్టం లేకపోయినా అదే నిజం.

చివరికి ఆమెకు ఊపిరందక గేటుకు ఆనుకునింది. "పో" అనింది. ఆయన పోయినాడు. సందు మలుపు తిరిగేదాకా మొగం తుడుచుకోవడం నేను చూడలేదు.

ఇంట్లో కూచోబెట్టి నీళ్ళిచ్చినాను. ఎడమచెయ్యి మణికట్టు దాకా వాచి, నీలంగా అయ్యింది.

"నేను వాని మొగం సూడలేదు పాపా. ఏడ్చినాడా?"

"ఏడ్చినాడక్కా."

"ఎప్పుడు? నేను కొట్టినాకనా?"

"కొట్టకముందే. ఆ మాట చెప్పేటప్పుడే."

తల ఊపింది. తర్వాత, "ఆకలైతాంది. రెండు చేతులూ పని చేయడంల్యా. నువ్వే పెట్టు" అనింది.

మా ఇంట్లోంచి అన్నం, పప్పు తెచ్చి కలిపి, ముద్దలు చేసి నోటికందించినాను. రెండు ముద్దలు తినింది. మూడో ముద్ద నోట్లో ఉండగానే, "బేగా రా అన్నాడంట" అని ఏడ్చింది. తొమ్మిదేండ్లలో ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. గొంతెత్తి, ఒళ్ళంతా అదిరేటట్టు ఏడ్చింది. ఏడుస్తానే నోరు తెరిచింది. నేను ఇంకో ముద్ద పెట్టినాను.